సీ కోడులో ఐబు వెతికినవాళ్ల తారీఖ్

2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం ఒకటి దునియా మొత్తం ఖబర్లకెక్కింది. అది ‘జ్ఞ’. ఇల్మ్ అనే మాటను తెలుగులో రాయాలంటే మొట్టమొదట కావాల్సిన అక్షరం. జ, దాని కింద ఞ, ఆ తర్వాత కంటికి కనపడని ఒక విడదీత గుర్తు, చివర దీర్ఘం. ఈ వరసలో కూర్చి ఎవరైనా ఐఫోన్‌కి పంపితే, ఆ మెసేజ్ తెరిచిన యాప్ అక్కడికక్కడే మూసుకుపోయేది. వాట్సాప్, ఫేస్‌బుక్ మెసెంజర్, జీమెయిల్ అన్నిటిదీ అదే హాల్. నోటిఫికేషన్‌గా పైన కనిపించిందంటే మొత్తం ఫోనే మొరాయించేది. ఐప్యాడ్, మ్యాక్ కంప్యూటర్, చేతి గడియారం కూడా దానికి లొంగిపోయాయి.

జగిత్యాల, కోరుట్ల వైపు దుబాయి నుంచో దమ్మామ్ నుంచో వచ్చిన ఐఫోన్ ఉన్న ఇళ్లు తక్కువేం కాదు. తెలుగే రాని దేశాల్లో పోరగాళ్లు ఈ అక్షరాన్ని మజాక్‌గా ఒకరికొకరు పంపుకున్నారు. మనవాళ్లలో కొందరు నవ్వారు, కొందరు తెలుగు భాషకే ఏదో బద్నామ్ అయిందని బాధపడ్డారు. అసలు ఖుసూర్ అక్షరానిది కాదు. బెంగాలీ, దేవనాగరి లిపుల్లో ఇలాంటి కొన్ని కూర్పులతో కూడా అదే జరిగింది. అక్షరాలను తెర మీద గీసే కోర్‌టెక్స్ట్ అనే భాగంలో తప్పుంది. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 అనే అప్‌డేట్ ఇచ్చి, ఆ ఐబు ఏమిటో రెండు ముక్కల్లో ఒప్పుకుంది: ఒక రకం ఇబారత్ వస్తే మెమొరీ చెడిపోతోంది, లోపలికి వచ్చేదాన్ని ఇకనుంచి సరిగా పరీక్షిస్తాం.

లోపలికి వచ్చేదాన్ని పరీక్షించకపోవడం, మెమొరీ చెడిపోవడం. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి దోస్తులారా. యాభై ఏళ్లుగా కంప్యూటర్ల దునియాను సతాయిస్తున్న బీమారీ పేరు అదే. ఆ బీమారీకి పుట్టిల్లు ‘సీ’ అనే భాష. ఆ భాషలో రాసిన కోడును పంక్తి పంక్తీ గాలించి తప్పు పట్టుకోవడానికి కొందరు చేసిన కోషిష్‌కి ఒక తారీఖ్ ఉంది. ఇంజనీరింగ్ చదివే పిల్లలకు పరీక్ష కోసం సీ చెబుతారు గానీ ఈ తారీఖ్ చెప్పరు. అందుకే ఈ వ్యాసం.

దరఖాస్తులో ఇరవై గళ్లు

సీ భాషను అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ 1972 ప్రాంతంలో తయారు చేశాడు. యూనిక్స్ అనే వ్యవస్థను రాయడానికి ఆయనకు ఒక చురుకైన పనిముట్టు కావలసి వచ్చింది. అప్పట్లో మెమొరీ చాలా మహంగా. కాబట్టి సీ భాష ప్రోగ్రామర్ చేతికి పూర్తి ఇఖ్తియార్ ఇచ్చింది. మెమొరీలో ఏ గడిలో ఏం రాయాలన్నా రాయొచ్చు. గళ్లు అయిపోయాయా లేదా అని భాష చూడదు. చూసుకోవలసిన జిమ్మేదారీ రాసేవాడిదే.

దీన్ని ఒక దరఖాస్తు ఫారంతో పోల్చుకుందాం. పేరు రాయడానికి 20 గళ్లు ఉన్నాయనుకోండి. మన పేర్లేమో పొడుగు. ముహమ్మద్‌తో మొదలై తాత పేరు, ఖాందాన్ పేరు కలిస్తే ఇరవై గళ్లు ఎక్కడ సరిపోతాయి? పాస్‌పోర్ట్ ఆఫీసులో, వీసా కాగితాల్లో ఈ తక్లీఫ్ పడని ముస్లిం ఇల్లు మన దగ్గర అరుదు. క్లర్కు ఏం చేస్తాడు? ఇరవయ్యో గడి దగ్గర ఆపి మిగతాది కోసేస్తాడు. అది మనకు నుక్సానే గానీ ఫారం మాత్రం భద్రంగా ఉంటుంది.

సీ భాషలో ‘గెట్స్’ అనే పనిముట్టు ఉండేది. అది క్లర్కులా ఆగదు. ఇరవై గళ్లు నిండాక కూడా రాస్తూ పోతుంది. పక్కనున్న పుట్టిన తేదీ మీద రాస్తుంది, ఆ పక్కనున్న చిరునామా మీద రాస్తుంది. ఆ తర్వాత అసలు ఖతర్నాక్ జాగా వస్తుంది. ‘ఈ పని అయ్యాక తర్వాత ఎటు పోవాలి’ అని కంప్యూటర్ తన కోసం రాసి పెట్టుకున్న పంక్తి అది. దాని మీద కూడా రాసేస్తుంది. ఇప్పుడు చెడ్డవాడు ఒకడు కావాలనే కొలిచి పొడుగు పేరు పంపాడనుకోండి. ఆ పేరు చివర తనకు కావలసిన దారి రాసి పెడతాడు. కంప్యూటర్ అమాయకంగా అటే పోతుంది, వాడు చెప్పిన పనే చేస్తుంది. ఇంగ్లీషులో దీన్ని బఫర్ ఓవర్‌ఫ్లో అంటారు. మనం గళ్లు పొంగిపోవడం అనుకుందాం.

మన లిపులతో ఈ సంగతి ఇంకాస్త చిక్కు. ఇవాళ్టి కంప్యూటర్లలో ఇంగ్లీషు అక్షరానికి ఒక గడి చాలు. ఉర్దూ హర్ఫ్‌కి రెండు గళ్లు కావాలి. తెలుగులో అక్షరానికీ, గుణింతం గుర్తుకూ, పొల్లుకూ ఒక్కోదానికి మూడు గళ్లు. ఉర్దూలో మీమ్, హే, మీమ్, దాల్ అని నాలుగు హర్ఫ్‌లతో రాసే ముహమ్మద్ 8 గళ్లలో ఒదుగుతుంది. తెలుగులో రాసిన ‘ముహమ్మద్’ మాత్రం 24 గళ్లు తింటుంది. ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే వస్తాయనుకుని 20 గళ్లు కట్టినవాడి ప్రోగ్రాం మన ఒక్క పేరుకే పొంగిపోతుంది.

ఈ ఖత్రా ఎవరికీ తెలియక కాదు. 1972లోనే అమెరికా వైమానిక దళం కోసం జేమ్స్ ఆండర్సన్ అనే నిపుణుడు రాసిన నివేదికలో ఈ రకం దాడి గురించి హెచ్చరిక ఉంది. సీ భాష పుట్టిన రోజుల్లోనే దాని బీమారీ కాగితం మీదకి ఎక్కింది. కాగితం మీదే ఉండిపోయింది.

సిరిసిల్ల వాళ్లకు తెలిసిన మాట

సీ కోడులో ఐబు వెతికే మొదటి మషీన్ పేరు వింటే సిరిసిల్ల వాళ్లకు నవ్వొస్తుంది. దాని పేరు ‘లింట్’. గుడ్డకు అంటుకుని ఉండే పీచు, దూది నుసి అని దాని అర్థం. బెల్ ల్యాబ్స్‌లోనే పనిచేసే స్టీఫెన్ జాన్సన్ 1978లో దీన్ని రాశాడు. కోడు అనే గుడ్డ మీద అంటుకున్న చిన్న చిన్న పీచులను ఏరేస్తుందని ఆ పేరు పెట్టాడు.

సిరిసిల్లలో సాంచా నడిపినవాళ్లకు, భివండీ పోయి సాంచాల మీద బతుకు వెళ్లదీసి వచ్చినవాళ్లకు ఈ పని విడమరచి చెప్పక్కర్లేదు. పడుగులో ఒక్క పోగు తెగితే సాంచా ఆపి ముడేస్తారు. చూడకుండా వదిలేస్తే గుడ్డ పొడుగునా గీత పడుతుంది. గుడ్డ దిగాక బల్ల మీద పరిచి, వెలుతురులో చూసి, ఎక్కడ పోగు పోయింది, ఎక్కడ మరక పడింది అని వెతుకుతారు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల ఇళ్లల్లో బీడీలు చుట్టే మన అమ్మీలకూ, ఆపాలకూ కూడా ఇది తెలిసిందే. చుట్టిన కట్టలు కార్ఖానాకి పోయాక చెకింగ్‌లో వదులుగా ఉన్నవి, ఆకు చిరిగినవి తీసి పక్కన పడేస్తారు. నేసినవాడి చేతికి తెలియని ఐబు చూసేవాడి కంటికి తెలుస్తుంది. లింట్ కూడా అంతే. కోడు నడపదు. కేవలం చదువుతుంది. ఇక్కడ ఒక లెక్కను ఇంకో రకం గడిలో వేశావు, ఇక్కడ పేరు పెట్టి వాడకుండా వదిలేశావు అని నిశానీ పెడుతుంది.

కానీ లింట్‌ది అమాయకపు జమానా. అది వెతికింది గలతీలను, దొంగలను కాదు. ఆనాటి కంప్యూటర్ల మీద పనిచేసేవాళ్లు ఎక్కువగా ఒకరికొకరు తెలిసినవాళ్లే. ఆ భరోసా పదేళ్లే నడిచింది.

536 అక్షరాల పేరు

1988 నవంబర్ 2 రాత్రి. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ విద్యార్థి రాబర్ట్ మోరిస్ ఒక చిన్న ప్రోగ్రాం నెట్‌వర్క్ మీదకి వదిలాడు. తనంత తానే నకలు చేసుకుంటూ ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకడం దాని పని. అందుకే దాన్ని పురుగు అన్నారు. అది పాకిన దారుల్లో ఒకటి ‘ఫింగర్’ అనే సేవ. ఎవరు లాగిన్ అయి ఉన్నారో అడిగితే చెప్పేది. అడిగినవాడి పేరు రాసుకోవడానికి 512 గళ్లు పెట్టారు, రాయడానికి గెట్స్ వాడారు. పురుగు 536 అక్షరాలు పంపింది. చివరి గళ్లలో తన దారి రాసింది.

అప్పట్లో ఇంటర్నెట్‌లో దాదాపు 60 వేల కంప్యూటర్లు ఉన్నాయని, వాటిలో ఆరు వేల వరకు కూలబడ్డాయని అంచనా. మోరిస్ తండ్రి అమెరికా జాతీయ భద్రతా సంస్థలో కంప్యూటర్ల హిఫాజత్ చూసే శాస్త్రవేత్త కావడం ఈ కథలో మరో విచిత్రం. కొడుక్కి మూడేళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజ సేవ, పది వేల డాలర్ల పైన జుర్మానా పడ్డాయి. ఆ తర్వాత ఆయన ఎంఐటీలో ప్రొఫెసర్ అయ్యాడు.

ఈ దెబ్బతోనే కంప్యూటర్ ఆపదలకు అత్యవసర బృందం ఒకటి ఉండాలని అమెరికా అనుకుంది. అదే నెలలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో సెర్ట్ ఏర్పాటైంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి అప్పుడు ఆ యూనివర్సిటీలోనే రోబోటిక్స్ సంస్థకు డైరెక్టర్. మన దేశంలో అలాంటి బృందం, సెర్ట్-ఇన్, 2004 జనవరిలో పనిలోకి దిగింది.

నీలం తెర చదువులు

అమెరికాలో గెట్స్ ఇంత బద్నామ్ అయ్యాక మన దగ్గర ఏం జరిగింది? 1987లో బోర్లాండ్ కంపెనీ తెచ్చిన టర్బో సీ మన కాలేజీల్లో తిష్ట వేసింది. నీలం తెర, పసుపు అక్షరాలు. ఆ కంపెనీ దాన్ని వదిలేసి ఏళ్లు గడిచినా మన ల్యాబులు వదల్లేదు. 2010 దాటాక కూడా తెలుగు పిల్లలు అదే నీలం తెర మీద సీ నేర్చుకున్నారు. పేరు చదవాలంటే గెట్స్ రాయి, లేదా గళ్ల లెక్క చెప్పకుండా స్కాన్‌ఎఫ్ రాయి. రికార్డు బుక్కులో అదే, వైవాలో అదే, పరీక్షలో అదే. ఉస్తాద్‌కి అలాగే చెప్పారు, ఆయన షాగిర్దులకు అలాగే చెప్పారు.

అదే కాలంలో కోడు గాలించడం తెలుగువాళ్లకు రోజీరోటీ కూడా అయింది. 1990ల చివర వైటూకే అనే గడబిడ వచ్చింది. సంవత్సరాన్ని రెండే అంకెల్లో రాసిన పాత ప్రోగ్రాములు 2000 సంవత్సరాన్ని 1900 అనుకుంటాయేమోనని భయం. 1987లో హైదరాబాద్‌లో మొదలైన సత్యం లాంటి కంపెనీలు ఆ పని చేపట్టాయి. అమీర్‌పేటలో నేర్చుకున్న పోరగాళ్లు పాత కోడు ముందు కూర్చుని తేదీ ఎక్కడుందో పంక్తి పంక్తీ వెతికారు. ఆ కోడులో ఎక్కువ భాగం సీ కాదు, కోబాల్. అయినా పరాయివాడు రాసిన ఇబారత్‌లో ఐబు వెతకడం అనే హునర్ మనవాళ్లకు పట్టుబడింది అక్కడే.

గాలించే మషీన్లు

1996లో ఫ్రాక్ అనే హ్యాకర్ల పత్రికలో, గళ్లు పొంగించి కంప్యూటర్‌ను లోబరుచుకోవడం ఎలాగో మెట్టు మెట్టుగా చెప్పిన వ్యాసం వచ్చింది. ఇల్మ్ కొందరి దగ్గర ఉన్నంత కాలం ఒక లెక్క, బజారుకెక్కాక ఇంకో లెక్క. దొంగలు చదివిన సబక్ కాపలాదారులు కూడా చదవక తప్పలేదు. 2000లో అమెరికాలో సిజిటల్ కంపెనీ వాళ్లు ఐటీఎస్4 అనే స్కానర్ తెచ్చారు. 2001 మేలో డేవిడ్ వీలర్ రాసిన ఫ్లాఫైండర్, మరో బృందం రాసిన ర్యాట్స్ ఒకేసారి బయటికి వచ్చాయి. ఫ్లాఫైండర్ ముఫ్త్‌గా దొరుకుతుంది, ఇప్పటికీ వాడుకలో ఉంది.

ఇవి చేసే పని చెబితే సాదాసీదాగా ఉంటుంది. వీటి దగ్గర ఖతర్నాక్ పనిముట్ల ఫెహ్రిస్త్ ఒకటి ఉంటుంది. గెట్స్, లెక్క చూడకుండా నకలు చేసే స్ట్ర్‌కాపీ, లెక్క చూడకుండా వాక్యం కూర్చే స్ప్రింట్‌ఎఫ్, బయటి మాటను నేరుగా హుకుంగా నడిపే సిస్టమ్ లాంటివి. స్కానర్ కోడంతా చదివి, ఇవి ఎక్కడెక్కడ ఉన్నాయో పంక్తి నంబరుతో చెబుతుంది. ప్రతిదానికీ 0 నుంచి 5 వరకు ఖత్రా మార్కు వేసి, ఎక్కువ ఖత్రా ఉన్నవి పైన పెడుతుంది. కాస్త అఖల్ కూడా ఉంది. నకలు చేసేది ప్రోగ్రామర్ తానే రాసిన మారని మాట అయితే మార్కు తగ్గిస్తుంది. మారే మాట అయితే ఎక్కువగానే ఉంచుతుంది.

దీని కమ్‌జోరీ కూడా తెలుసుకోవాలి. ఇది మాటలు గుర్తుపడుతుంది గానీ మత్లబ్ గ్రహించదు. పైన నాలుగు పంక్తుల ముందే ప్రోగ్రామర్ కొలత చూసుకుని ఉంటాడు. అయినా షక్ పడుతుంది. నూటికి ఎక్కువ భాగం ఉత్త హెచ్చరికలే వస్తే, చదివేవాడు విసిగి అసలుదాన్ని కూడా దాటేస్తాడు. ఇంకోవైపు, ఫెహ్రిస్త్‌లో లేని కొత్త రకం ఐబు కళ్ల ముందున్నా దీనికి కనిపించదు. అందుకే తర్వాతి తరం మషీన్లు ఇంకో దారి పట్టాయి. బయటి నుంచి వచ్చిన ప్రతి మాటకూ ఒక రంగు పూసినట్టు గుర్తు పెట్టి, ఆ రంగు కోడులో ఎక్కడెక్కడికి పాకుతుందో వెంబడిస్తాయి. పరీక్ష జరగకుండానే గళ్ల లెక్క దాకా రంగు పాకితే కేక వేస్తాయి. స్టాన్‌ఫర్డ్‌లో డాసన్ ఎంగ్లర్, ఆయన షాగిర్దులు ఈ దారిలో చేసిన పరిశోధన నుంచే కవరిటీ అనే కంపెనీ పుట్టింది.

ఒక్క నుక్తా

ఉర్దూ మీడియంలో చదువుకున్నవాళ్లకు నుక్తా విలువ ఉస్తాద్ బెత్తం నేర్పించింది. పైనున్న చుక్క కిందికి దిగితే ఖుదా కాస్తా జుదా అయిపోతాడు. సీ భాషలో కూడా అలాంటి నుక్తా ఒకటి ఉంది. రెండు సమాన గుర్తులు పక్కపక్కన పెడితే ‘ఇవి రెండూ ఒకటేనా?’ అని సవాల్. ఒక్కటే పెడితే ‘దీన్ని అదిగా మార్చెయ్’ అని హుకుం.

2003 నవంబర్‌లో లినక్స్ కోడు నకలు ఒకదాంట్లోకి ఎవరో రెండు పంక్తులు చొప్పించారు. చూడటానికి అవి మామూలు పరీక్షలా ఉన్నాయి: అడిగినవాడు మాలికేనా? కానీ అక్కడ రెండు గుర్తులకు బదులు ఒక్కటే పెట్టారు. దాంతో సవాల్ హుకుంగా మారింది: అడిగినవాడిని మాలిక్‌ని చేసెయ్. ఆ కోడు జనంలోకి పోయి ఉంటే, తెలిసినవాడు తన ప్రోగ్రాం నడపగలిగిన ఏ లినక్స్ కంప్యూటర్‌కైనా మాలిక్ అయిపోగలిగేవాడు. ఎలా దొరికింది? ఏ తెలివైన స్కానర్ వల్లా కాదు. అసలు ప్రతి వేరే చోట ఉంది. నకలును దానితో పోల్చి చూస్తే తేడా వచ్చింది. లారీ మెక్‌వాయ్ బృందం అది గమనించి తీసేసింది. ఎవరు చేశారో ఈ రోజు వరకు బయటికి రాలేదు.

నకలును అసలుతో పోల్చే ఈ పనికి మన దగ్గర పాత పేరుంది: ముఖాబలా. కాతిబ్ రాసిన ప్రతిని అసలు పక్కన పెట్టి, ఒకరు చదువుతుంటే ఒకరు చూసి తస్హీహ్ చేసేవారు. 1888లో హైదరాబాద్‌లో మొదలై తర్వాత ఉస్మానియా యూనివర్సిటీలో భాగమైన దాయిరతుల్ మఆరిఫ్ అరబ్బీ రాతప్రతులను అచ్చులోకి తెచ్చింది ఈ పద్ధతిలోనే. వేర్వేరు కుతుబ్‌ఖానాల్లోని ప్రతులు పోల్చి, ఎక్కడ తేడా ఉందో పేజీ కింద రాశారు. అచ్చులో వచ్చే మన ముస్‌హఫ్‌ల చివర కూడా హాఫిజులు చదివి సరిచూశారన్న తస్దీఖ్ కాగితం ఉంటుంది. చూసే కన్ను రాసిన చేతిది కాకూడదన్న ఉసూల్ దీని వెనకుంది. ఇవాళ మంచి సాఫ్ట్‌వేర్ బృందాలు ఒకరి కోడును ఇంకొకరు చదవందే లోపలికి రానివ్వవు.

మషీన్ కళ్లు గప్పిన రెండు ఐబులు

2001 జులైలో కోడ్ రెడ్ అనే పురుగు 14 గంటల్లోపే మూడున్నర లక్షల పైచిలుకు కంప్యూటర్లకు పాకింది. అదీ గళ్లు పొంగించే రకమే. 2002 జనవరి 15న బిల్ గేట్స్ మైక్రోసాఫ్ట్ ఉద్యోగులందరికీ లేఖ రాశాడు. కొత్త సదుపాయమా, హిఫాజతా అంటే హిఫాజతే ముందు అని దాని సారాంశం. కొత్త కోడు ఆపి, వేల మంది కూర్చుని పాత కోడు గాలించారు. ఆ కంపెనీ పరిశోధన విభాగంలో థామస్ బాల్‌తో కలిసి శ్రీరామ్ రాజమణి చేసిన స్లామ్ అనే పని కూడా ఆ రోజులదే. సీ కోడులో రాసిన డ్రైవర్లు నియమం తప్పుతున్నాయా అని లెక్కల పద్ధతిలో నిరూపించి చూసేది అది.

ఇంత మెహనత్ తర్వాత కూడా రెండు పెద్ద ఐబులు జారిపోయాయి. మొదటిది 2014 ఏప్రిల్ 7న బయటపడిన హార్ట్‌బ్లీడ్. బ్యాంకు వెబ్‌సైట్లలో తాళం గుర్తు వెనక పనిచేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే సీ కోడులో అది రెండేళ్లు దాక్కుంది. ఎదుటి కంప్యూటర్ ‘నేను పంపిన మాట ఇంత పొడుగు, దాన్నే తిరిగి పంపు’ అంటుంది. నిజంగా అంత పొడుగుందా అని కోడు కొలవలేదు. ఒక్క అక్షరం పంపి 64 వేల గళ్లు అడిగితే, పక్కనున్న వేరేవాళ్ల పాస్‌వర్డులతో సహా ఊడ్చి ఇచ్చేసింది. కవరిటీ లాంటి పేరున్న మషీన్ కూడా దాన్ని ముందుగా పట్టలేదు. తర్వాత వాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. నెట్‌వర్క్ నుంచి వచ్చే అంకెల బైట్లు సాధారణంగా తిరగేసి చదవాలి. కాబట్టి కోడు ఎక్కడ బైట్లు తిరగేస్తుందో అక్కడ ఉన్నది బయటి సరుకని షక్ పడాలి. ఆ ఒక్క సూత్రం కలిపాక మషీన్‌కి హార్ట్‌బ్లీడ్ కనిపించింది.

రెండోది మన గడప దాకా వచ్చింది. 2017 మే 12న వానాక్రై దాడి మొదలైంది. కంప్యూటర్‌లోని ఫైళ్లన్నీ తాళం వేసి, తాళం తీయాలంటే 300 డాలర్ల బిట్‌కాయిన్ ఇవ్వమంది. దాదాపు 150 దేశాల్లో రెండు లక్షల పైన కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. బ్రిటన్‌లో ఆస్పత్రులు రోగులను వెనక్కి పంపాయి. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ మీద పడింది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లోని పోలీసు కంప్యూటర్లు మూగబోయాయి. ఫిర్యాదు రాసుకునే ఠాణాలోనే దొంగ దూరితే ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి?

ఆ దాడికి దారి ఇచ్చిన ఐబు విండోస్‌లో ఫైళ్లు పంచుకునే పాత కోడులో ఉంది. వచ్చిన జాబితా పొడుగెంతో లెక్కవేసి ఒక పెద్ద గడిలో రాయాలి. కోడు మాత్రం ఆ గడిలో సగాన్నే, అంటే 65,535 దాకా పట్టే భాగాన్నే మార్చింది. మిగతా సగంలో పాత అంకె ఉండిపోయింది. దాంతో చిన్న జాగా కేటాయించి పెద్ద సరుకు పోసింది. గళ్లు పొంగాయి. అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఈ ఐబును కనిపెట్టి, చెప్పకుండా తన ఆయుధంగా దాచుకుంది. అది చోరీ అయి 2017 ఏప్రిల్‌లో బజారున పడింది. అప్పుడు మైక్రోసాఫ్ట్ అధిపతి మన హైదరాబాదీ సత్య నాదెళ్ల. ఆ కంపెనీ మార్చి 14నే మరమ్మతు విడుదల చేసింది. రెండు నెలలు గడిచినా వేసుకోనివాళ్లే మునిగారు. 2024 మేలో నాదెళ్ల కూడా, గేట్స్ ఇరవై రెండేళ్ల కింద చెప్పినట్టే, అన్నిటికన్నా హిఫాజతే ముందని తన ఉద్యోగులకు చెప్పవలసి వచ్చింది.

పరదేశం నుంచి వచ్చే కాల్

మన మూడు ఊళ్లకు అన్నిటికన్నా దగ్గరి సంగతి వాట్సాప్ కాల్. పరదేశంలో ఉన్న మనవాళ్ల గొంతు ఇంటికి చేరే దారుల్లో అదొకటి. 2019 మే 13న బయటపడిన సంగతేమిటంటే, ఆ కాల్ మోసే కోడులోనే గళ్లు పొంగే ఐబు ఉంది. కాల్ ఎత్తకపోయినా సరే, ప్రత్యేకంగా కూర్చిన ప్యాకెట్లు ఫోన్‌కి చేరితే చాలు. ఇజ్రాయెల్‌కి చెందిన ఎన్‌ఎస్‌ఓ కంపెనీ పెగాసస్ నిఘా దాంట్లోంచి దూరింది. దాదాపు 1,400 ఫోన్ల మీద దాడి జరిగిందని వాట్సాప్ చెప్పింది. అందులో మన దేశపు జర్నలిస్టులు, వకీళ్లు, హక్కుల కార్యకర్తలు ఉన్నారు. 2019 అక్టోబర్‌లో వాట్సాప్ అమెరికా కోర్టుకెక్కింది. 2024 డిసెంబర్‌లో జడ్జి ఎన్‌ఎస్‌ఓదే తప్పని తీర్పిచ్చారు.

జర్నలిజం నా రోటీ కాబట్టి ఈ ఖబర్ నాకు వేరేగా తగిలింది. మనతో మాట్లాడిన మనిషి భరోసా మన ఫోన్‌లో ఉంటుంది. కానీ ఇది జర్నలిస్టుల గోడు మాత్రమే కాదు. ఒక ఐబు కనిపెట్టినవాడు దాన్ని సరిచేయించొచ్చు, దాచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కోడు గాలించే హునర్ ఒకటే, అమానత్ నిలబెట్టేవాడి చేతిలో అది కాపలా, లేనివాడి చేతిలో అది కన్నం.

ఇలాంటి ఐబులు ఇంకా ఎన్ని ఉన్నాయి? మైక్రోసాఫ్ట్ తన ఉత్పత్తుల్లో ప్రతి ఏటా సరిచేసే భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమొరీకి సంబంధించినవేనని 2019లో చెప్పింది. గూగుల్ క్రోమ్ బ్రౌజర్‌ది కూడా దాదాపు అదే లెక్క. అందుకే గళ్ల లెక్క భాషే చూసుకునే రస్ట్ లాంటి కొత్త భాషల వైపు దునియా నడుస్తోంది. అయినా యాభై ఏళ్లుగా పేరుకున్న సీ కోడు ఒక్కరోజులో పోదు. ఫోన్‌లో, టీవీలో, వైఫై డబ్బాలో, బ్యాంకు మషీన్‌లో అదే ఉంది. దాన్ని చదివేవాళ్లు ఇంకా చాలా కాలం కావాలి.

ఆ చదివేవాళ్లు మన ఇళ్లల్లోంచి ఎందుకు రాకూడదు? జగిత్యాల జేఎన్‌టీయూ కాలేజీ కొండగట్టు దగ్గర నాచుపల్లిలో 2007 నుంచి ఉంది. సిరిసిల్లకు 2021లో ఇంకో కాలేజీ వచ్చింది. ఇంజనీరింగ్ చదివే మన పిల్లల్లో చాలామంది చూపు ఇప్పటికీ వీసా మీదే. కోడు రాసేవాళ్లు లక్షల్లో ఉన్నారు, పరాయి కోడు ఓపికగా చదివి ఐబు చెప్పగలిగేవాళ్లు తక్కువ. ఫ్లాఫైండర్ ముఫ్త్, లినక్స్ కోడు ముఫ్త్, నేర్చుకోవడానికి ఫీజు లేదు. కావలసింది సబర్. పడుగులో తెగిన పోగు వెతికే తల్లిదండ్రుల పిల్లలకు అది కొత్త కాదు.

కోడు జోలికి పోని ఇళ్లవాళ్లు చేయాల్సింది ఇంకా చిన్నది. ఫోన్‌లో అప్‌డేట్ అని వస్తే రేపు చూద్దాంలే అని నెట్టేయకండి. ‘జ్ఞ’ ఐబుకైనా, ఆంధ్ర పోలీసుల కంప్యూటర్లకైనా, వాట్సాప్ కాల్‌కైనా మందు ఆ అప్‌డేట్‌లోనే వచ్చింది. ఊళ్లో డీటీపీ దుకాణం, మీసేవ నడిపే మన తమ్ముళ్లు మరీ జాగ్రత్త, వాళ్ల కంప్యూటర్‌లో పది ఇళ్ల కాగితాలు ఉంటాయి.

ఇక గెట్స్ సంగతి. 2011 డిసెంబర్‌లో వచ్చిన సీ భాష కొత్త ప్రమాణం దాన్ని పూర్తిగా తీసేసింది. ఆ భాషను కన్న డెన్నిస్ రిచీ అదే ఏడాది అక్టోబర్‌లో పోయాడు. చాలా లినక్స్ కంప్యూటర్లలో గెట్స్‌తో ప్రోగ్రాం కడితే, ఇది ప్రమాదకరం, వాడొద్దు అని మషీనే ఒక పంక్తి రాసి చూపిస్తుంది. మీ ఇంట్లో పిల్లవాడో అమ్మాయో సీ నేర్చుకుంటుంటే రికార్డు బుక్ ఒకసారి తిప్పి చూడమనండి. అందులో గెట్స్ ఉంటే, ప్రోగ్రాం నడిచింది కదా అని మురిసిపోకుండా, ఆ హెచ్చరిక ఎందుకు వచ్చిందో తమ లెక్చరర్‌ని అడగమనండి.